మొక్కల కంటే ముందు నీళ్లు పోసే చేతుల్ని లెక్కపెట్టండి

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. ఊరి చివర లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుని తొమ్మిదేళ్లయింది. కాలనీలో 64 ఇళ్లున్నాయి. మధ్యలో పార్కు కోసమని వదిలిన 20 సెంట్ల స్థలం ఉంది. మొన్నటిదాకా అక్కడ కంపచెట్లు, చెత్త, పందులు. నిరుడు జూలైలో మేం అయిదుగురు ఆడవాళ్లం పూనుకుని అందర్నీ కదిలించాం. జేసీబీతో కంప పీకించి, నర్సరీ నుంచి 120 మొక్కలు తెప్పించి నాటాం. ఆ రోజు కాలనీ అంతా వచ్చింది. ఫొటోలు దిగాం, టిఫిన్లు పెట్టాం. రెండో ఆదివారం పదిమంది వచ్చారు. దీపావళి తర్వాత ఎవరూ రావడం లేదు. ఇప్పుడు 31 మొక్కలు మిగిలాయి. మా ఇంటి మోటారుకు పైపు తగిలించి నేనొక్కదాన్నే నీళ్లు పెడుతున్నాను. కరెంటు బిల్లు చూసి మా ఆయన "ఊరందరిదీ నీకెందుకు" అంటున్నారు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే దండం బొమ్మలు వస్తాయి, మనుషులు రారు. పైగా గొడవలు. ఒక పెద్దాయన తెల్లవారకముందే పూలన్నీ కోసుకుపోతారు. కొందరు అక్కడ గుడి కడదామంటున్నారు. వెనక వీధి పిల్లలు వచ్చి క్రికెట్ ఆడుతున్నారు, గేటు పెట్టి తాళం వేద్దామని ఇంకొందరు. అద్దెకున్నవాళ్లు చందా ఇవ్వరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వదిలేయమంటారా? వద్దంటే అందర్నీ ఎలా కలుపుకోవాలో చెప్పండి. సొసైటీ రిజిస్టర్ చేయించాలా?
– పేరు రాయొద్దన్న పాఠకురాలు, అనంతపురం

సమాధానం:

చెల్లెమ్మా, వదిలేయొద్దు. అయితే ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో ఇంకొక్క వేసవి కూడా గడపొద్దు.

120లో 31 మాత్రమే మిగిలాయని మీరు బాధపడుతూ రాశారు. చదివి నేను సంతోషపడ్డాను. మీ ఊరి నేల సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చాలాచోట్ల గడ్డపార వేస్తే కాస్త లోతుకే గరుసు తగులుతుంది. ఏడాది మొత్తానికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మేఘాలు పడమటి కనుమలకు అటువైపే చాలావరకు కురిసేసి వస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తా దాటి మీ దాకా వచ్చేసరికి పలచబడిపోతాయి. అలాంటి చోట ఒక్క మనిషి పైపు పట్టుకుని, మేకల నుంచి, పందుల నుంచి కాపాడుతూ 31 మొక్కల్ని ఎండాకాలం ముంగిట దాకా తెచ్చిందంటే మెచ్చుకోవాల్సిన సంగతే. ఆ 31 మీ పార్కుకు పునాది.

మిగతా 89 ఎందుకు పోయాయి? కాలనీ వాళ్లకు మనసు లేక పోయాయని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకలా అనిపించడం లేదు. మనసు లేనివాళ్లు మొదటి రోజు కూడా రారు. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. మీ పక్క కడప జిల్లాలోనే. విజయనగర రాకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించి వేయించిన శాసనం. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసి ఉంటుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పారు. ఆ ఆరు దోషాల్లో రెండు మీ ఉత్తరం చదువుతుంటే గుర్తొచ్చాయి. ఒకటి, నీళ్లు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం. రెండోది, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో పడటం.

మీ పార్కుకు మొదటి దోషం పట్టింది. 20 సెంట్లు ఖాళీగా కనపడింది కాబట్టి 120 మొక్కలు తెచ్చారు. స్థలాన్ని బట్టి మొక్కలు లెక్కేశారు. నీళ్లను బట్టి, నీళ్లు పోసే చేతుల్ని బట్టి లెక్కేయలేదు. ఇక మీదట లెక్క తిరగేయండి. ఒక ఇంటివాళ్లు నిజంగా చూసుకోగలిగేది ఒకటి రెండు మొక్కలు. ఇరవై ఇళ్లు ఒప్పుకుంటే నలభై మొక్కలు. అయిదు ఇళ్లే ఒప్పుకుంటే పది. అంతకు మించి ఒక్క మొక్క కూడా నాటొద్దు, ఎవరు ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. పార్కు సగం ఖాళీగా ఉన్నా నష్టం లేదు. ఎండిపోయిన మొక్కల మధ్య నుంచి రోజూ నడిచి వెళ్లే జనానికి "ఇక్కడ ఏదీ బతకదు" అని మనసులో పడిపోతుంది, అదే అసలు నష్టం.

రెండో దోషం మీకు ఉందో లేదో వెంటనే తెలుసుకోండి. ఊరి చివర లేఅవుట్లలో సగం వీధులు కార్పొరేషన్‌లో, సగం పక్క పంచాయతీలో ఉండటం మామూలే. చెత్త ఎవరు ఎత్తాలి, లైటు ఎవరు వేయాలి అంటే ఇటువాళ్లు అటు చూపిస్తారు. మీ స్థలం ఎవరి కిందికి వస్తుందో తేలకుండా ఏ అర్జీ పెట్టినా తిరుగుతూనే ఉంటుంది. కార్పొరేషన్ అయితే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని, పంచాయతీ అయితే పంచాయతీ కార్యదర్శిని కలిసి లేఅవుట్ ప్లాన్ చూపించమనండి. అప్రూవ్డ్ లేఅవుట్ అయితే అందులో పది శాతం ఖాళీ స్థలం వదిలి, దాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసి ఇవ్వాలి. ఆ డీడ్ రిజిస్టరయిందా అని అడగండి. నోటితో చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం జిరాక్స్ మీ దగ్గరుంటే రేపు ఎవరు ఏ మూల ఆక్రమించబోయినా ఆపడానికి పనికొస్తుంది.

ఇప్పుడు మనుషుల సంగతి. మీరు వాట్సాప్‌లో "రేపు ఉదయం ఆరింటికి అందరూ రండి" అని పెట్టి ఉంటారు. అందరూ అంటే ఎవరు? పదిమందిలో పాము చావదని ఊరికే అనలేదు మనవాళ్లు. మనింట్లో పేరంటం అయితే గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకుంటామా? గడప తొక్కి, బొట్టు పెట్టి పిలుస్తాం. కార్డు పోస్టులో వస్తే "పిలవలేదు" అనే అలిగే జనం మనది. పార్కు పనికీ అదే పద్ధతి. మీ అయిదుగురూ ఇద్దరు, ముగ్గురుగా విడిపోండి. సాయంత్రం పూట, వంటల వేళ కాకుండా, ఇంటింటికీ వెళ్లండి. మొదటి సారి చందా మాట ఎత్తకండి. సాయం చేయమని కూడా అడగకండి. "పార్కులో మీకేం కావాలి?" అని ఒక్క మాట అడిగి, చెప్పింది వాళ్ల ముందే పుస్తకంలో రాసుకోండి.

అప్పుడు మీకు తెలుస్తుంది, ఇన్నాళ్లూ మీకు కావాల్సిన పార్కు కోసం మీరు పిలిచారని. ఒక ఇంట్లో షుగరున్న పెద్దాయనకు నడవడానికి చదునైన దారి కావాలి. ఒకావిడకు కూర్చోవడానికి బండ కావాలి. ఇంటర్ చదివే కుర్రాడికి రాత్రి లైటు కావాలి. ఒకరికి కరివేపాకు చెట్టు చాలు. రెండో విడత వెళ్లినప్పుడు వాళ్లడిగిన దానికి సరిపోయే పని వాళ్లకే చెప్పండి. చిన్న పని, ఫలానా రోజు, ఫలానా గంట అని. "నడిచే దారిలో రాళ్లు ఏరడానికి శనివారం సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా మీ అబ్బాయిని పంపుతారా అన్నా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. గంట అంటే గంటే. ఆరున్నరకు మీరే పని ఆపించండి. చెప్పిన వేళకు వదిలిపెడతారన్న నమ్మకం ఉంటే మనిషి మళ్లీ వస్తాడు.

బండ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సిమెంటు బెంచీలకు డబ్బు పోయకండి. తాడిపత్రి బండలు మీ జిల్లా సరుకే. రెండు రాతి కాళ్ల మీద ఒక మందపాటి బండ వేస్తే తరాలు ఉంటుంది. అది పడిన రోజే పార్కులో మనుషులు కనపడటం మొదలవుతుంది. చెట్టు నీడకు ఏళ్లు పడుతుంది, బండ సాయంత్రానికే పనికొస్తుంది.

నీళ్ల సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. నాటి ఏడాది కాని మొక్కకు ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, సారికి పది లీటర్లు పోస్తే నిలబడుతుంది. 31 మొక్కలకు వారానికి 620 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నీళ్లివ్వాలని ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన నలుగురున్న ఇల్లు ఒక్క రోజులో వాడే నీళ్లు 540 లీటర్లు. అంటే మీ పార్కు వారమంతా తాగేది ఒక ఇంటి ఒకరోజు వాడకం కంటే కొంచెం ఎక్కువ, అంతే. 64 ఇళ్ల మీద పంచితే ఇంటికి వారానికి పది లీటర్లు కూడా రాదు. పైపు పెట్టి పారిస్తుంటే మాత్రం ఎంత పోసినా చాలదు. ఎర్రనేలలో పైన పారిన నీళ్లలో చాలావరకు ఎండకే పోతాయి.

కుండలు పూడ్చండి. మెరుపు, రంగు లేని మామూలు మట్టికుండ, ఎనిమిది పది లీటర్లది. మొక్క మొదలుకు ఒక అడుగు దూరంలో మెడ దాకా పాతాలి. మూతికి ఒక పెంకో బండ ముక్కో మూత పెట్టాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. నేల ఎండే కొద్దీ కుండ గోడల్లోంచి నీళ్లు వాటంతటవే చెమ్మగిల్లి వేళ్లకు అందుతాయి. నేల తడిగా ఉంటే చెమ్మ తగ్గుతుంది. మూడు నాలుగు రోజులకోసారి నింపితే సరి. ఇందులో నాకు నచ్చేది, పిల్లలు కూడా చేయగలిగిన పని కావడం. బిందె మోసుకొచ్చి కుండ నింపడం ఎనిమిదేళ్ల పిల్లకు ఆటలా ఉంటుంది. ఒక్కో కుండ మీద ఒక్కో ఇంటి పేరు సున్నంతో రాయండి. ఎవరి కుండ ఎండిందో చూస్తేనే తెలిసిపోతుంది, ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పోయొచ్చు. ఆర్వో మిషను వదిలే నీళ్లు మాత్రం రోజూ పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది.

మొక్క చుట్టూ శనక్కాయ పొట్టు మూడు నాలుగు అంగుళాల మందం పరవండి. కాయలు ఒలిచే మిల్లుల్లో బస్తాలకు బస్తాలు దొరుకుతుంది. మీ జిల్లాలో దానికి కొరత లేదు. కాండానికి ఆనకుండా జానెడు వదలండి, చెదలు పట్టకుండా వేపపిండి కలపండి. పందులు, మేకలు రాకుండా పీకిన కంపనే కొట్టి చుట్టూ దడి కట్టండి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు అనే చోట 1990లో 32 ఎకరాల బీడు తీసుకున్నవాళ్లు చేసిన పనిలో ముఖ్యమైనది కూడా ఈ కాపలాయే. పశువుల మేత నుంచి, మంటల నుంచి నేలను కాపాడితే మొక్కలు చాలావరకు వాటంతటవే లేచాయి.

కొత్త బోరు వేద్దామని ఎవరో ఒకరు అంటారు. నీళ్లు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. అనుమతి వచ్చినా నేను వద్దనే చెబుతాను. లక్షలు పోసి, పడుతుందో పడదో తెలియని బోరు కోసం చందాలెత్తితే, పడకపోయిన రోజున కాలనీ రెండుగా చీలుతుంది. మీ 20 సెంట్ల మీద ఏడాదికి కురిసే వానే దాదాపు నాలుగున్నర లక్షల లీటర్లు. పార్కు చుట్టూ ఉన్న ఇళ్ల డాబాల నీళ్లు కూడా కలిపితే, వెయ్యి చదరపు అడుగుల డాబా ఒక్కటే పోయిందిపోగా 40 వేల లీటర్లిస్తుంది. ఆ పైపుల్ని మురుగుకాలువ వైపు నుంచి పార్కు వైపు తిప్పండి. పల్లంలో ఇంకుడు గుంత తీసి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, దాని పైన ఇసుక నింపండి. ఒక్కో మొక్కకు పల్లం వైపు అర్ధచంద్రంలా గట్టు వేయండి. ఇవన్నీ మే నెలాఖరుకు అయిపోవాలి. నేల గట్టిగా ఉన్నప్పుడు తవ్వడం కష్టమే, కానీ మొదటి వాన పడ్డాక మొదలుపెడితే ఆ వాన పోయినట్టే.

ఇక మీరొక్కరే నీళ్లు పెట్టడం గురించి. ఆపండి. కోపంతో ఆపమనడం లేదు. మీరు రోజూ పైపు పట్టుకుని కనపడుతున్నంత కాలం, "ఆవిడ చూసుకుంటుందిలే" అనుకోవడం జనానికి సులువు. మన సీమలో చెరువు కింద నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. తూము తీసేదీ మూసేదీ, ఎవరి మడికి ఎంతసేపు అన్నది చూసేదీ ఆయనే. రైతులందరి పని కాబట్టి రైతులందరూ పంట రాగానే గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. ఆ పనిని ఒకరి మంచితనానికి వదిలేయలేదు మన పెద్దవాళ్లు. మీకూ ఒక మనిషి కావాలి, జీతానికి. వారంలో మూడు రోజులు, పూటకు రెండు గంటలు. నలభై ఇళ్లు నెలకు వంద రూపాయలిచ్చినా నాలుగు వేలు. అందులో ఎక్కువ భాగం ఆ మనిషికే ఇవ్వండి. వెనక వీధిలోనే అడగండి. పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లలో సేద్యం తెలిసినవాళ్లు ఉంటారు. జీతం మనిషిని పెట్టాక కూడా వారానికి ఒక ఇంటివాళ్లు పెత్తనం తీసుకోవాలి. పనికొచ్చారా, కుండలు నిండాయా అని చూసి పుస్తకంలో సంతకం పెట్టడమే వాళ్ల పని.

డబ్బు లెక్క నెలనెలా కాగితం మీద రాసి, పార్కు గోడకు అంటించండి. గ్రూపులో పెడితే సరిపోదు. వంద రూపాయల శనక్కాయ పొట్టు కూడా అందులో కనపడాలి. ఇచ్చినవాళ్ల పేర్లు రాయండి. ఇవ్వనివాళ్ల పేర్లు ఎక్కడా రాయొద్దు. ఒకసారి అవమానపడ్డ ఇల్లు తర్వాత వెయ్యి ఇచ్చినా మనస్ఫూర్తిగా రాదు. ఎలినార్ ఆస్ట్రమ్ అని అమెరికా ఆచార్యురాలు, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ, ప్రపంచమంతటా ఉమ్మడి కాలువల్ని, అడవుల్ని, చేపల రేవుల్ని జనం ఎలా నిలబెట్టుకున్నారో జీవితకాలం పరిశీలించారు. నియమాలు వాడుకునేవాళ్లే పెట్టుకోవాలి, కనిపెట్టేవాళ్లు వాళ్లకే జవాబుదారీగా ఉండాలి, తప్పు చేసినవాళ్లకు మొదట చిన్న మందలింపే ఉండాలి. ఆవిడ తేల్చినవాటిలో ఈ మూడూ మీకు ఇప్పుడే పనికొస్తాయి.

అద్దెకున్నవాళ్లను చందా అడగకండి, పని అడగండి. ఇంకో ఏడాదికి ఇల్లు మారేవాళ్లకు పదేళ్ల చెట్టు కోసం డబ్బివ్వాలనిపించకపోవడం సహజం. కరివేపాకు, గోంగూర, మునగ లాంటివి వాళ్లకు అప్పగించండి. తాము ఉండగానే కోసుకు తినేవి అయితే వాళ్లూ ఇష్టంగా చూసుకుంటారు.

పూలు కోసుకుపోయే పెద్దాయన మీద మీకు కోపం ఉంది, అర్థమైంది. కానీ ఒక్క విషయం చూడండి. చీకటితో లేచి, ఎండయినా చలయినా రోజూ తప్పకుండా పార్కుకు వచ్చే మనిషి మీ కాలనీలో ఆయనొక్కరే. ఆయన ఇంటికి వెళ్లి, "బాబాయ్, పూజకు పూలు చాలడం లేదని చూస్తున్నాం. నందివర్ధనం, గన్నేరు, మందార ఇంకో నాలుగు పెడదాం, వాటి బాధ్యత మీదే" అనండి. కింది కొమ్మల పూలు ఆయనకు, పైవి చెట్టుకు అని ఆయన చేతే ఒప్పించండి. కాపలా కూడా కలిసొస్తుంది.

గుడి విషయంలో గట్టిగా ఉండాలి, మాట మాత్రం మెత్తగా ఉండాలి. పార్కులు, రోడ్లు లాంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా గుడి గానీ మసీదు గానీ చర్చి గానీ కట్టకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులోనే ఆదేశించింది. ఈ మాట ఎవరికీ మొహం మీద చెప్పకండి, కాగితం దగ్గర ఉంచుకోండి. గుడి అడుగుతున్నవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసు వాళ్లే అయ్యుంటారు. సాయంత్రం నలుగురూ కూర్చుని రెండు పాటలు పాడుకునే చోటు కావాలన్నది వాళ్ల కోరిక అయ్యుండొచ్చు. ఉన్న మొక్కల్లో బాగా నిలదొక్కుకున్న వేప చుట్టూ, కాస్త ఎడంగా, రచ్చకట్టలా అరుగు కట్టించండి. అక్కడ భజన చేసుకోవచ్చు, పిల్లలు హోంవర్కు చేసుకోవచ్చు, ఏ మతం వాళ్లయినా కూర్చోవచ్చు.

తాళం మాత్రం వద్దు చెల్లెమ్మా. ఈ ఒక్క విషయంలో మీరు ఒంటరిగా నిలబడాల్సి వచ్చినా నిలబడండి. ఆ స్థలం 64 ఇళ్ల సొత్తు కాదు, స్థానిక సంస్థ పేరు మీదున్న ప్రజల స్థలం. వెనక వీధి పిల్లలకు ఆడుకోవడానికి వేరే చోటు ఉంటే మీ కంపచెట్ల మధ్యకు వచ్చేవాళ్లు కాదు. మీ పిల్లలు ట్యూషన్లకు పోతుంటే వాళ్లే ఆ నేలను బతికించి ఉంచారు. ఇవాళ పచ్చబడింది కదా అని గేటు వేస్తే, ఆ పిల్లలు గోడ దూకి వస్తారు, మొక్కల మీద పడతారు, ఆ కోపం న్యాయమైనదే కూడా. బదులుగా ఒక పక్క నాలుగు సెంట్లు ఆటకు విడిచిపెట్టి సున్నంతో గీత గీయండి. బంతి మొక్కల్లోకి పోతే ఎవరు తేవాలి, కొమ్మ విరిగితే ఎన్ని కుండలు నింపాలి అన్నది పిల్లల్నే కూర్చోబెట్టి రాయించండి. రెండు వీధుల పిల్లలూ ఒకే జట్టులో ఆడితే ఆ తల్లులు కూడా సాయంత్రాలు వచ్చి కూర్చుంటారు. కాలనీలో కొందరికి అదే నచ్చకపోవచ్చు. పేరు పెట్టి అడగండి, "ఏం నచ్చడం లేదు?" అని. నోరు తెరిచి చెప్పలేని కారణం అయితే దానంతటదే వెనక్కి తగ్గుతుంది.

మీ ఆయన మాట తీసేయకండి. కరెంటు బిల్లు గురించి ఆయనన్నది సబబే. రేపటి నుంచి మీ మోటారు పెట్టనని చెప్పండి. లెక్కలు బాగా చూసే మనిషైతే పార్కు చందా పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి. ఖర్చంతా తన కళ్ల ముందే ఉంటే గొణుగుడు తగ్గుతుందని నా నమ్మకం.

కొత్త మొక్కలు ఇప్పుడు వద్దు. ఎండాకాలంలో రెండడుగుల లోతు, వెడల్పుతో గుంతలు తీసి ఎండనివ్వండి. పశువుల ఎరువు, ఎర్రమన్ను కలిపి నింపి, మంచి వాన ఒకటి పడ్డాకే నాటండి. వేప, కానుగ, నేరేడు, ఉసిరి, సీతాఫలం, రేల మీ ఎండలకు తట్టుకుంటాయి. లాన్ వద్దే వద్దు, రోజూ నీళ్లడుగుతుంది. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ అనే విదేశీ మొక్క ఇస్తామంటారు, తీసుకోకండి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. రాలిన ఆకులు కాల్చనివ్వకండి. మూలన గుంత తీసి వేస్తే వచ్చే ఏడాదికి ఎరువవుతుంది. కాలనీ చెత్త ఇంకా అక్కడే పడేస్తుంటే వార్డు శానిటేషన్ సెక్రటరీకి ఫొటోతో పాటు రాతపూర్వకంగా ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఆ కాగితం నకలు పట్టుకెళ్లండి. ఒక్కరు వెళ్లొద్దు, రెండు వీధుల నుంచీ మనుషుల్ని తీసుకెళ్లండి.

సొసైటీ రిజిస్టర్ చేయించాలా అని మీ ఉత్తరం చివర చిన్నగా అడిగారు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. కానీ ఇప్పుడే తొందరపడకండి. పనికంటే ముందు పదవులు వస్తే ప్రెసిడెంటు ఎవరన్న దగ్గరే ఆగిపోతారు. ఈ వేసవి గడిచి, కుండలు నింపే ఇళ్లు ఏవో తేలాక, ఆ ఇళ్ల నుంచే ఏడుగుర్ని తీసుకోండి. వాళ్లలో ముగ్గురైనా ఆడవాళ్లు, ఒక్కరైనా అద్దెకున్నవాళ్లు ఉండేలా చూడండి. అప్పటిదాకా చందా డబ్బుకు ఇద్దరి సంతకాలతో తీసే బ్యాంకు ఖాతా ఒకటి చాలు.